గుర్తు చేయాలా, మరిపించాలా?

పాఠకుల ప్రశ్నలు – మానసిక నిపుణురాలి సమాధానాలు

ఈసారి నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నారాయణపేట జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటి వెనక ఒకే ఆవేదన ఉంది. జరగరానిది జరిగిపోయాక మనిషి ఎందుకు మునుపటిలా ఉండలేకపోతున్నాడు, ఇంట్లోవాళ్లు ఆ సంగతి ఎత్తాలా వద్దా, అసలు దీనికి వైద్యమంటూ ఉందా అని అడిగారు. వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను. రాసినవారిని ఎవరూ పోల్చుకోకుండా ఊళ్ల పేర్లు, కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: మాది నార్కట్‌పల్లి దగ్గర పల్లె. రెండేళ్ల కిందట మా ఆయన, మా తమ్ముడు బండి మీద హైదరాబాద్ నుంచి వస్తుంటే చౌటుప్పల్ దాటాక లారీ తగిలింది. బండి నడుపుతున్నది మా ఆయనే. ఆయనకు కాలు విరిగింది, తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. కాలు బాగైంది గానీ మనిషి బాగుపడలేదు. హైవే ఎక్కరు. రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తారు. లారీ హారన్ వినబడితే చెమటలు పడతాయి. పిల్లల మీద ఊరికే కోపం. తమ్ముడి ఫొటో గోడ మీద నుంచి తీసేశాం, ఆ ఊసే ఎత్తొద్దని మా అత్తమ్మ అందరికీ చెప్పింది. మా పుట్టింటికి ఆయన రావడమే మానేశారు. గాలి సోకిందంటే దర్గాకు తీసుకెళ్లి తాయత్తు కట్టించాం. ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టర్ ఇచ్చిన నిద్రమాత్రలు ఇప్పుడు రోజూ కావాలి, సాయంత్రమైతే కల్లుకు పోతున్నారు. గుర్తు చేస్తే ఎక్కువవుతుందని భయం, చేయకపోతే ఇలాగే మిగిలిపోతారని భయం. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఆయనకు గాలి సోకలేదు, ఆయన పిరికివారూ కాదు. మీరు రాసిన లక్షణాలను ఒక్కచోట పెట్టి చూడండి. జరిగింది కలలోనూ మెలకువలోనూ మళ్లీ మళ్లీ కళ్లముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే దారిని, మనుషులను, మాటలను తప్పించుకు తిరగడం, తన మీదా లోకం మీదా నమ్మకం పోవడం, చిన్న చప్పుడుకే ఒళ్లంతా అదిరిపడి ఆ ఒత్తిడి కోపంగా బయటపడడం. ఇవన్నీ కలిసి నెల దాటినా తగ్గకుండా మనిషి బతుకును అడ్డుకుంటుంటే వైద్యులు దాన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు, క్లుప్తంగా పీటీఎస్‌డీ. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధను చూసిన తర్వాత 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనికి తన వ్యాధుల పట్టికలో చోటిచ్చింది. యుద్ధమంటే ఏమిటో తెలియని మామూలు జనానికి ఇది రావడానికి రోడ్డు ప్రమాదం ఒక ముఖ్య కారణమని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఉత్తరం చదివి రోగనిర్ధారణ చేయడం సరికాదు, మానసిక వైద్యులు ఆయనతో స్వయంగా మాట్లాడి తేల్చాలి. కానీ చూపించవలసిన అవసరం ఉందనడంలో నాకు సందేహం లేదు.

కాలం గడిస్తే అదే పోతుందని ఊళ్లో పెద్దలు అనే మాటలో కొంత నిజం ఉంది. 24 దేశాల్లో జరిగిన ప్రపంచ మానసిక ఆరోగ్య సర్వేలలో సుమారు 70 శాతం మంది తమ జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి ఘోరాన్ని చవిచూశామని చెప్పారు, అయితే జీవితంలో ఎప్పుడైనా పీటీఎస్‌డీ వచ్చినవారు దాదాపు 4 శాతమే. అంటే ఎక్కువ మంది వైద్యం లేకుండానే, తమవాళ్ల అండతోనే కోలుకుంటారు. 1992లో ప్రచురితమైన అధ్యయనంలో, అమెరికాలో అత్యాచారానికి గురైన స్త్రీలను వారం వారం పరిశీలించినప్పుడు మొదటి రెండు వారాల్లో 94 శాతం మందిలో కనిపించిన ఈ లక్షణాలు మూడు నెలలు గడిచేసరికి 47 శాతం మందిలోనే మిగిలాయి. తనంతట తానే మానే గాయం చాలావరకు ఆ మొదటి నెలల్లోనే మానుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. రెండేళ్లు గడిచినా హారన్‌కు చెమటలు పడుతున్న మనిషి విషయంలో ఇంకా కాలం మీద భారం వేయడం న్యాయం కాదు.

ఎందుకు మానలేదన్నదే మీ ప్రశ్నకు అసలు కీలకం. ప్రమాదం జరిగిన క్షణంలో మెదడు ఆ చప్పుళ్లను, ఆ వెలుగును, ఆ వాసనను అన్నిటినీ ప్రాణాపాయానికి గుర్తులుగా దాచుకుంటుంది. ఆ తర్వాత కరెంటులో కాస్త హెచ్చుతగ్గులొచ్చినా ట్రిప్పయిపోయే బోరు మోటారు స్టార్టర్‌లాగా, ఎక్కడో లారీ హారన్ మోగితే చాలు, ఒళ్లు మళ్లీ ఆ రోడ్డు మీద పడి ఉన్నట్టే స్పందిస్తుంది. మీ ఆయన హైవే ఎక్కకుండా తిరిగి ఇంటికి వచ్చిన ప్రతిసారీ గుండె కుదుటపడుతుంది. కానీ మెదడు ఆ నెమ్మదికి చెప్పుకునే కారణం తప్పుది: రోడ్డు సురక్షితంగా ఉందని కాదు, రోడ్డుకు దూరంగా ఉన్నాను కాబట్టే బతికానని. ఆ నమ్మకం తప్పని తెలుసుకునే అవకాశమే దానికి దొరకదు. మీరంతా ప్రేమతోనే ఫొటో తీసేశారు, మాట ఎత్తడం మానేశారు, ఆయనకు బదులు మీరే నల్లగొండకు పోయి పనులు చక్కబెట్టుకొస్తున్నారు కాబోలు. ప్రేమతో చేసిన ఆ పనులు కూడా తప్పించుకోవడంలో భాగమైపోయాయి. ఇది మీ తప్పని అనడం లేదు. ఏ ఇంట్లోనైనా మొదట తోచేది ఇదే.

అందుకే వైద్యం ఇందుకు ఎదురు దిశలో నడుస్తుంది. ఇజ్రాయెల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనస్తత్వవేత్త ఎడ్నా ఫోఆ 1991 నుంచి ప్రచురించిన పరిశోధనలతో ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతికి బలమైన ఆధారం ఏర్పడింది. సాధారణంగా ఇది 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కొక్కటి గంట నుంచి గంటన్నర. సైకాలజిస్టు దగ్గర కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ రోజును ఇప్పుడే జరుగుతున్నట్టుగా మొదటి నుంచి చెప్పాలి: చౌటుప్పల్‌లో చాయ్ తాగి బయల్దేరుతున్నాం, బావమరిది వెనక కూర్చున్నాడు, నేను అద్దంలో చూశాను. ఆగిపోయే చోట ఆగవచ్చు, ఏడ్వవచ్చు, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ మాటలను ఫోన్‌లో రికార్డు చేసి ఇస్తే ఇంటి దగ్గర రోజూ వినాలి. మొదటి వారం వినలేక ఫోన్ పక్కన పెట్టేసిన మనిషి నాలుగో వారానికి, వింటూనే, "ఆ లారీ లైట్లు లేకుండా ఎదురొచ్చింది" అని ఇంతవరకూ ఎవరికీ చెప్పని ముక్క చెప్పగలుగుతాడు. దీంతోపాటు భయపడే చోట్లను తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి వరుసగా రాసుకుంటారు. మీ ఆయన విషయంలో అది హైవే పక్క చాయ్ హోటల్ దగ్గర కూర్చుని లారీలు పోతుంటే చూడడంతో మొదలుకావచ్చు, తర్వాత మీతో కలిసి బస్సులో చిట్యాల దాకా, ఆ తర్వాత బండి వెనక కూర్చుని, చివరికి ఆ చోటు దాకా. ప్రతి మెట్టు దగ్గరా భయం తగ్గేదాకా, లేదా భయం ఉన్నా తనకేమీ కాలేదని తెలిసేదాకా అక్కడే ఉండాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా నిలిపిన వాక్యం, ఆయన మీ పుట్టింటికి రావడం మానేశారన్నది. అందులో భయం కంటే అపరాధభావం ఎక్కువ కనిపిస్తోంది. బండి నడిపింది తనే, పోయింది భార్య తమ్ముడు. అత్తమామల మొహం ఎలా చూడాలి? ఇలాంటి చోట అమెరికా మనస్తత్వవేత్త పేట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ బాగా పనికొస్తుంది. 12 సిట్టింగుల్లో, "నేనే చంపాను" వంటి బిగుసుకుపోయిన ఆలోచనను కాగితం మీద పెట్టి, ఆ క్షణానికి ఆయనకు ఏం తెలుసు, ఏం చేయడానికి ఎంత వ్యవధి ఉంది, తర్వాత తెలిసిన సంగతిని అప్పుడే తెలిసినట్టుగా తన మీద ఎందుకు మోపుకుంటున్నారు అని ఒక్కొక్కటే పరిశీలిస్తారు. ఓదార్పుగా "నీ తప్పు లేదులే" అనడం వేరు. ఆయనే లెక్కలు చూసుకుని, నిజంగా తన వంతు ఎంతో అంతే తీసుకోవడం వేరు. చదువుకున్న పట్నంవాళ్లకే ఇది పనిచేస్తుందనుకోకండి. కాంగోలో యుద్ధకాలపు లైంగిక హింసకు గురైన పల్లె స్త్రీలకు, మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ లేని స్థానిక కార్యకర్తలే శిక్షణ పొంది ఈ వైద్యాన్ని గుంపులో అందించారు. ఆ స్త్రీలలో చాలామందికి చదువు రాదు కనుక కాగితాలు లేకుండా నోటితోనే నేర్పారు. 2013లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, వైద్యం ముగిసిన 6 నెలలకు వారిలో 9 శాతం మందికే తీవ్రమైన కుంగుబాటు గానీ ఆందోళన గానీ మిగిలింది. విడివిడిగా సాయం మాత్రమే అందినవారిలో అది 42 శాతం.

మందుల సంగతి జాగ్రత్తగా చదవండి. మెడికల్ షాపుల్లో, ఆర్.ఎం.పి.ల దగ్గర ఇచ్చే నిద్రమాత్రల్లో ఎక్కువ భాగం ఆల్‌ప్రజోలం, డయాజెపాం జాతివి. అవి ఆ రాత్రికి కన్ను మూయిస్తాయి తప్ప ఈ జబ్బును నయం చేయవు, అలవాటుగా మారతాయి. ఘటన జరిగిన మొదటి నెలలో ఒత్తిడి లక్షణాలకు ఇవి ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. పైగా మన జిల్లాల్లో కల్తీ కల్లులో కలిపేది కూడా ఇవే మందులు, వాటితోపాటు క్లోరల్ హైడ్రేట్. అంటే మీ ఆయన తెలియకుండానే రెండు వైపుల నుంచీ ఒకే మత్తును తీసుకుంటూ ఉండవచ్చు. రేపటి నుంచి రెండూ మానేయమని పట్టుబట్టకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. డాక్టరుకు కల్లు సంగతి దాచకుండా చెప్పి, డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించాలి. పీటీఎస్‌డీకి ఆధారం ఉన్న మందులు సెర్ట్రలిన్, పరాక్సెటిన్ వంటివి. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది, మత్తు ఇవ్వవు.

ఇక గుర్తు చేయాలా, వద్దా? మీరు కూర్చోబెట్టి చెప్పించవద్దు. ఆ పని సైకాలజిస్టుది, వేగం మీ ఆయనది. కానీ ఊసెత్తకూడదన్న ఆంక్ష ఎత్తేయండి. తమ్ముడి పేరు ఇంట్లో మామూలుగా వినబడనివ్వండి. ఫొటో మళ్లీ పెట్టే ముందు ఆయనకు చెప్పి పెట్టండి. కెనడా, అమెరికాల్లో కాండిస్ మాన్‌సన్ బృందం 40 జంటలతో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, భార్యాభర్తలిద్దరినీ కలిపి వైద్యంలో కూర్చోబెట్టినప్పుడు పీటీఎస్‌డీ లక్షణాలూ తగ్గాయి, బాధితులకు తమ దాంపత్యం మీద తృప్తీ పెరిగింది. మీరూ ఒకటి రెండు సిట్టింగులకు వెళ్లండి. ఇంకొక్క మాట, అమ్మా. మీ ఉత్తరమంతా మీ ఆయన గురించే. కానీ పోయింది మీ తమ్ముడు. ఆయన్ని కాపాడుకునే తొందరలో మీరు ఏడ్వడానికి ఇంట్లో చోటే లేకుండా పోయింది. ఆ దుఃఖాన్ని మీ అమ్మగారి దగ్గరైనా దించుకోండి. వీలైనప్పుడు మీ ఆయన ముందూ దించుకోండి. ఆయన తట్టుకోలేరని మీరు అనుకుంటున్నారు, మీరు తనను నిందిస్తున్నారని ఆయన అనుకుంటున్నారేమో.

ప్రశ్న: మాది మక్తల్ వైపు పల్లె. నా చిన్నప్పుడు అమ్మానాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబయి, పుణె పనులకు పోయేవాళ్లు, మళ్లీ వానలు పడితేనే వచ్చేవాళ్లు. నన్ను అవ్వ సాకింది. ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, పెళ్లయి ఏడాది. మా వారు ఫోన్ ఎత్తకపోతే చేతులు వణుకుతాయి, ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను, వచ్చాక గొడవ పెట్టుకుంటాను. నెట్‌లో ఒక పరీక్ష రాస్తే ఆందోళనతో కూడిన అటాచ్‌మెంట్ అని వచ్చింది. చిన్నప్పుడే మనసు అచ్చుపడిపోతుంది, ఇక మారదంటున్నారు. రేపు నా బిడ్డకూ ఇదే వస్తుందా?

సమాధానం: రాదు, అచ్చుపడిపోలేదు. ఇంత ధైర్యంగా ఎందుకంటున్నానో చెబుతాను.

బిడ్డకూ సాకినవారికీ మధ్య బంధం (అటాచ్‌మెంట్ అంటే ఇదే) గురించి మొదట గట్టిగా రాసిన బ్రిటన్ వైద్యుడు జాన్ బోల్బీ, 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో తల్లికి దూరమైన పిల్లల నష్టాన్ని నొక్కి చెప్పారు. దాన్ని పట్టుకునే ఇప్పటికీ చాలామంది, తల్లి లేకపోతే బతుకంతా లోటేనన్నట్టు మాట్లాడతారు. అయితే 1964లో ప్రచురితమైన అధ్యయనంలో, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పరిశోధకులు షాఫర్, ఎమర్సన్ 60 మంది పసివాళ్లను చూసినప్పుడు, ఏడాదిన్నర వయసుకు చాలామంది ఒకరితో కాదు, ఇద్దరు ముగ్గురితో గట్టి బంధం పెంచుకున్నారని, ఆ జాబితాలో నానమ్మలు, అమ్మమ్మలు, తోబుట్టువులు కూడా ఉన్నారని తేలింది. మీకు అవ్వ ఉంది. మీ ఉత్తరంలో ఆమె గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆమె జొన్నరొట్టె చేస్తూ మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్న రోజులు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. మీరు ప్రేమ లేకుండా పెరగలేదు. ఏడాదికోసారి మళ్లీ మళ్లీ విడిపోతూ పెరిగారు, ఈ రెండూ వేర్వేరు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాలమూరు వలస కూలీలు పిల్లలను ఊళ్లో వదిలిపోయింది ప్రేమ తక్కువై కాదు. ఇటుకబట్టీల దగ్గర, కాలువ పనుల దగ్గర, రేకుల గుడిసెల్లో పిల్లలను పెట్టుకోవడం కంటే అవ్వ దగ్గర బడికి పోవడం మేలని. మీరు ఈ రోజు టీచర్ కావడంలో ఆ నిర్ణయం పాలు ఉంది. ఈ మాట మీ బాధను కొట్టివేయడానికి కాదు. అమ్మానాన్న ఎక్కిన బస్సు వెళ్లిపోయాక మీకు కలిగిన దిగులు నిజం, దానికి మీ తల్లిదండ్రులు దోషులు కాకపోవడమూ నిజం.

అమెరికాలోని మిన్నెసోటాలో ఎగ్లండ్, స్రౌఫ్ 1975లో మొదలుపెట్టిన అధ్యయనం పేద కుటుంబాల పిల్లలను పుట్టుక నుంచి పెద్దయ్యేదాకా వెంబడించింది. తొలినాటి బంధం ప్రభావం ఉంటుందని, కానీ జీవితం మారితే అదీ మారుతుందని అది చూపించింది. 1988లో వారు ప్రచురించిన ఒక పరిశీలన మీకు సరిగ్గా పనికొస్తుంది. చిన్నప్పుడు ఇంట్లో హింసకు గురై కూడా తమ పిల్లలను చక్కగా పెంచిన తల్లులలో తరచుగా కనిపించిన విషయాలు మూడు: చిన్నతనంలో అండగా నిలిచిన ఒక పెద్ద మనిషి, ఎప్పుడో ఒకప్పుడు పొందిన మానసిక వైద్యం, పెళ్లయ్యాక నిలకడైన, ఆదరించే భర్త. మీరు హింసకు గురికాలేదు. మొదటిదీ మూడోదీ మీకు ఇప్పటికే ఉన్నాయి.

నెట్‌లో రాసిన పరీక్ష ఫలితాన్ని పక్కన పెట్టండి. చిన్ననాటి కష్టాలకు మార్కులు వేసే ఏస్ అధ్యయనం కూడా ఇలాగే దుర్వినియోగమవుతోంది. విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా 1998లో దాన్ని వెలువరించారు, పెద్ద జనసమూహాల ఆరోగ్యాన్ని అర్థం చేసుకోవడానికి అది ఎంతో మేలు చేసింది. కానీ ఆ మార్కులతో ఒక్క మనిషి భవిష్యత్తును చెప్పకూడదని ఆండాయే 2020లో రాశారు.

చేయవలసింది ఇది. మీ వారికి కోపంలో కాకుండా తీరికగా, చిన్నప్పటి బస్సు సంగతి చెప్పండి. ఆయనకు ఇప్పటిదాకా మీ అనుమానమే కనిపించి ఉంటుంది, భయం కనిపించి ఉండదు. మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి తప్పకుండా ఫోన్ చేయాలని ఇద్దరూ ఒప్పుకోండి. ఆయన ఎత్తనప్పుడు వరుసగా చేసే ఫోన్లు ఆ నిమిషానికి ఊరటనిస్తాయి గానీ, ఫోన్ ఎత్తకపోతే ఏదో జరిగినట్టేనన్న భయాన్ని మరింత గట్టిచేస్తాయి. కాబట్టి రెండోసారి చేసే ముందు పావుగంట ఆగి, అప్పుడు మనసులో వచ్చిన మాట కాగితం మీద రాయండి. ఆయన తిరిగి ఫోన్ చేశాక నిజంగా ఏం జరిగిందో పక్కన రాయండి. నెల తర్వాత ఆ రెండు వరుసలూ ఆయనతో కలిసి చదవండి. అప్పటికీ చేతుల వణుకు తగ్గకపోతే సైకాలజిస్టును కలవండి, ఇది తొందరగా దారికొచ్చే సమస్య.

ప్రశ్న: నేను వనపర్తి జిల్లాలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ లెక్చరర్‌ని. సెలవు రోజు ఈతకు వెళ్లి మా విద్యార్థి ఒకడు కృష్ణలో మునిగి చనిపోయాడు. పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, కౌన్సెలర్‌ని పిలిపించి, ఎవరేం చూశారో, ఎవరికి ఎలా అనిపించిందో ఒకేసారి బయటికి చెప్పించేస్తే మనసు తేలికపడుతుందని యాజమాన్యం అంటోంది. మంచిదేనా?

సమాధానం: వద్దండి. దీన్ని డీబ్రీఫింగ్ అనేవారు, ఒకప్పుడు చాలా దేశాల్లో విరివిగా చేశారు. 2002లో, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్ష ఆధారాలన్నిటినీ తూచి, ఒక్క సిట్టింగు డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపలేదని తేల్చింది. అంతకుముందు 1997లో ప్రచురితమైన, బ్రిటన్‌లోని వేల్స్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్నవారిపై జరిగిన ప్రయోగంలో, 13 నెలల తర్వాత డీబ్రీఫింగ్ జరిగినవారిలో 26 శాతం మందికి, జరగనివారిలో 9 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది. మొదటి గుంపులో గాయాల తీవ్రత కొంత ఎక్కువన్నది పరిగణించినా, మేలు చేయలేదన్నది మాత్రం స్పష్టం. పైన నార్కట్‌పల్లి సోదరికి జ్ఞాపకాన్ని బయటికి తేవాలని రాసి ఇక్కడ వద్దంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. అది రెండేళ్ల తర్వాత, జబ్బు నిలిచిపోయిన మనిషికి, ఆయన ఒప్పుకున్నాక, నమ్మకం కుదిరిన ఒక్కరి ఎదుట, వారాల తరబడి జరిగే పని. ఇది వారం తిరగకముందే, నది ఒడ్డున లేని పిల్లవాడికి కూడా మునిగిన వివరాలు వినిపించే పని.

దీనికి బదులు 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మానసిక ప్రథమ చికిత్స చేయండి: గమనించడం, వినడం, కలపడం. అన్నం మానేసినవారెవరు, నిద్ర లేనివారెవరు, గదిలో ఖాళీ మంచం పక్కన పడుకునేవాడెవడు అని చూడండి. మాట్లాడాలనుకున్నవాడికి తీరికగా కూర్చుని చెవి ఒగ్గండి, వద్దన్నవాడిని వదిలేయండి. తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడించండి, కావాలన్నవారిని ఇంటికి పంపండి. అంత్యక్రియలకు, సంతాప సభకు రావాలనుకున్నవారిని అడ్డుకోకండి. ఆ రోజు ఒడ్డున అతనితో ఉన్న పిల్లల పేర్లు మాత్రం రాసి పెట్టుకుని నెల తర్వాత విడిగా, మరొకసారి పలకరించండి. అప్పటికీ కుదుటపడనివారిని వైద్యులకు చూపించండి.

ప్రశ్న: దేవరకొండ ప్రాంతం నుంచి రాస్తున్నాను. మా ఆయన తాగి కొడతాడు, తాగకపోయినా కొడతాడు. నిద్ర పట్టదు, బండి చప్పుడు వింటేనే గుండె దడ. పెద్దమనుషులు ఇద్దరూ కలిసి కౌన్సెలింగుకు పొమ్మంటున్నారు. నాకూ పీటీఎస్‌డీ ఉందా?

సమాధానం: అమ్మా, మీ గుండె దడ పాత జ్ఞాపకం వల్ల వచ్చింది కాదు. ప్రమాదం ఇంకా అయిపోలేదు, ఆయన బండి చప్పుడుకు భయపడడం మీ మనసు మీకు చేస్తున్న హెచ్చరిక. అమెరికా మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లోనే చెప్పిన క్రమం ఇప్పటికీ నిలిచింది: ముందు భద్రత, ఆ తర్వాతే జ్ఞాపకాల జోలికి పోవడం. కొడుతున్న మనిషి పక్కన కూర్చుని కౌన్సెలర్ ఎదుట మీరు నిజం చెబితే, ఆ నిజానికి ఇంటికెళ్లాక దెబ్బలు పడవచ్చు. అందుకే భయం, హింస ఉన్న చోట ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం నేను ఒప్పుకోను. పెద్దమనుషులు సంసారం నిలబెట్టాలనుకుంటున్నారు, వారి ఉద్దేశాన్ని తప్పుపట్టను, కానీ ముందు నిలబెట్టవలసింది మీ ప్రాణం.

181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, దెబ్బలు పడుతున్న సమయమైతే 112కు. జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రంలో తాత్కాలిక ఆశ్రయం, వైద్యం, న్యాయసహాయం ఒకేచోట దొరుకుతాయి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద మీరు ఆ ఇంట్లోనే ఉండే హక్కును, ఆయన మీ జోలికి రాకుండా రక్షణ ఉత్తర్వును కోర్టు నుంచి పొందవచ్చు. దరఖాస్తుకు రక్షణాధికారి సాయం చేస్తారు. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల బడి కాగితాలు, కాస్త డబ్బు నమ్మకమైనవారింట్లో ఉంచండి. ఆయన తాగుడుకు వైద్యం వేరుగా జరగాలి, అది మానితే కొట్టడం ఆగుతుందన్న ఆశతో మీరు ఆగకండి. తాగని రోజూ కొడతాడని మీరే రాశారు. మీరు సురక్షితంగా ఉన్న తర్వాత కూడా నిద్ర, దడ వదలకపోతే అప్పుడు తప్పకుండా వైద్యం చేయించుకోండి. అది బాగయ్యే బాధే.

ప్రశ్న: ఎక్కడికి పోవాలి, ఎంత ఖర్చవుతుంది? ఆసుపత్రి చీటీలో పేరు పడితే ఉద్యోగానికి ఇబ్బందేమోనని ఆగుతున్నాను. – అచ్చంపేట పాఠకుడు

సమాధానం: మొదటి అడుగు ఫోనే కావచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ నంబర్ 14416. ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. నేరుగా వెళ్లాలంటే మహబూబ్‌నగర్, నల్లగొండ, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాన్ని అడగండి. పెద్ద వైద్యం అవసరమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యం పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. మీ అనుమతి లేకుండా మీ వైద్య వివరాలను ఇతరులకు ఇవ్వకూడదని అదే చట్టం చెబుతుంది, కొన్ని మినహాయింపులు చట్టంలోనే రాసి ఉన్నాయి. ఆరోగ్య బీమా కూడా శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకు వర్తించాలి.

ట్రామాకు, అంటే ఇలాంటి మానసిక గాయాలకు, ప్రత్యేకంగా శిక్షణ పొందిన సైకాలజిస్టులు మన జిల్లాల్లో తక్కువే, ఆ కొరతను దాచడం నాకు ఇష్టం లేదు. గోవాలో తీవ్ర కుంగుబాటు ఉన్నవారికి, డిగ్రీలు లేని స్థానిక కౌన్సెలర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే 6 నుంచి 8 సిట్టింగులు ఇస్తే, మూడు నెలలకు 64 శాతం మంది తేరుకున్నారు; మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం 2017లో ఈ ఫలితాన్ని ప్రచురించింది. మన పీహెచ్‌సీల్లోనూ ఇలాంటి కౌన్సెలర్లు కావాలని ప్రజాప్రతినిధులను అడగవలసిన బాధ్యత మనందరిదీ. అప్పటిదాకా ప్రైవేటుగా ఎవరి దగ్గరికైనా వెళితే, క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారిని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడగడానికి మొహమాటపడకండి. ఏ పద్ధతిలో వైద్యం చేస్తారు, ఎన్ని సిట్టింగులు పట్టవచ్చు, తగ్గిందో లేదో ఎలా చూస్తారు అన్న మూడు ప్రశ్నలు మొదటి రోజే వేయండి. రాకపోకల ఇబ్బంది ఉంటే, కొన్ని సిట్టింగులు వీడియో కాల్ ద్వారా కుదురుతాయేమో కూడా అప్పుడే కనుక్కోండి.